ఆరు పెన్నీల తేడా

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు వందల ఏళ్ళ కిందటి లండన్ పిల్లల పుస్తకాల మీద నువ్వు రాసి పంపిన నవలను మా మనవడు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి తెచ్చి ఇచ్చాడు. 148 పేజీలు. మధ్యాహ్నం వెలుతురు ఉన్నంతసేపే నా కళ్ళు పనిచేస్తున్నాయి కాబట్టి పన్నెండు రోజులు పట్టింది. నీ ఉత్తరంలో ఆరు ప్రశ్నలున్నాయి. ముందు 12వ పేజీ గురించీ, ఆ తర్వాత 61వ పేజీ గురించీ చెప్పనివ్వు. మొదటిది చదివి పుస్తకం మూసేశాను. రెండోది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

12వ పేజీలో, 1807 జనవరి చలిలో ఒక తండ్రి సెయింట్ పాల్స్ చర్చియార్డ్ మూల మీదున్న జాన్ హ్యారిస్ కొట్లోకి వెళ్ళి, కూతురికి సీతాకోకచిలుకల విందు బొమ్మల పుస్తకం కొంటాడు. "ఒక పౌండు బల్ల మీద పెట్టాడు" అని రాశావు. నాయనా, ఆ పుస్తకం సాదాది ఒక షిల్లింగు, రంగులద్దినది షిల్లింగున్నర. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. నువ్వు పెట్టించిన డబ్బుకి అలాంటి సాదా పుస్తకాలు ఇరవై వస్తాయి. అప్పట్లో పొలం కూలీకి వారానికి పది షిల్లింగులు చేతికొస్తే గొప్ప. అంటే రెండు వారాల కూలి బల్ల మీద పెట్టి, చిల్లర అడక్కుండా, పదహారు పేజీల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు నీ కథలో తండ్రి. అలాంటి మనిషి ఎక్కడా ఉండడు.

పైగా 20వ పేజీలో ఆ పుస్తకం "రంగుల్లో అచ్చయి" వచ్చిందన్నావు. రంగుల్లో అచ్చవలేదు. రాగి పలక మీద బొమ్మా, దాని కింద పద్యమూ కలిపి చెక్కి నల్ల సిరాతో అచ్చువేశారు. రంగు ఆ తర్వాత మనుషుల చేతుల్లోంచి వచ్చింది. ఆ సంగతి నీకు తెలుసు, 61వ పేజీలో నువ్వే రాశావు. తెలిసి కూడా 20వ పేజీలో ఎలా మర్చిపోయావు?

నలభై ఏడేళ్ళుగా పిల్లల కోసం రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటే. పుస్తకం గురించి రాసేవాడికి దాని ధర తెలియాలి. ఎవరి చేతిలో తయారైందో, ఎవరి జేబులోంచి డబ్బు వచ్చిందో, చివరికి ఎవరి ఒళ్ళోకి చేరిందో తెలియాలి. తెలియకపోతే ఆ పుస్తకం గురించి ఎంత గొప్ప ఆలోచన చెప్పినా గాల్లోనే ఉంటుంది. సభల్లో ఈ మాట అంటే నన్ను లెక్కలమనిషి అన్నారు, సాహిత్యం తెలియనిదన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఎప్పుడూ ఒక ఫారం, అంటే మడిస్తే పుస్తకంలో పదహారు పేజీలయ్యే పెద్ద అచ్చు కాగితం, మడిచి ఉండరు.

షిల్లింగుకీ షిల్లింగున్నరకీ మధ్య ఉన్న ఆ ఆరు పెన్నీలు చూడు. ఆ ఆరు పెన్నీలే నీ నవల. సాదా కాగితం రంగుల కాగితం కావడానికి కొనేవాడు అదనంగా ఇచ్చిన డబ్బు అది. దానికోసం ఒక పెద్ద బల్ల చుట్టూ పిల్లలు కూర్చున్నారు. ఒక్కొక్కళ్ళ ముందు ఒక చిన్న మూకుట్లో ఒక్కటే రంగు, ఎదురుగా నమూనా కాగితం, పక్కన అచ్చు కాగితాల దొంతర. ఎర్ర రంగు పిల్ల నమూనాలో ఎరుపు ఉన్న చోటల్లా ఎరుపు అద్ది పక్కకి తోసేది. పసుపు పిల్ల పసుపు అద్దేది. అలా కాగితం బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి సీతాకోకచిలుకకు రెక్కలొచ్చేవి. త్వరగా వేసేవాళ్ళట. త్వరగా వెయ్యకపోతే గిట్టదు మరి.

ఇప్పుడు 61వ పేజీ. నీ నీలం రంగు పిల్ల. "ఆదివారం చర్చిలో చేతులు జోడించినప్పుడు కూడా ఆ పిల్ల చూపుడువేలు నీలంగానే ఉంది." ఒక్క వాక్యం రాసి, కింది పేరాలోనే ఆ పిల్లను వదిలేసి పెద్దమనుషుల విందుకి వెళ్ళిపోయావు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మా నాన్న పోయాడు. బెజవాడలో ఒక బైండింగు షాపు నుంచి మా అమ్మ ఫారాలు ఇంటికి తెచ్చేది. వేసవిలో స్కూళ్ళు తెరిచే ముందు పని విపరీతంగా ఉండేది. వెయ్యి ఫారాలు మడిస్తే ముప్పావలా ఇచ్చేవారు. వెదురు బద్దతో మడత మీద ఒక్కసారి గట్టిగా గీసి, దొంతరలో పెట్టి, ఇంకోటి అందుకోవాలి. సాయంత్రాలు అట్టలు అంటించే పని. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. ఆ జిగురు గోళ్ళ సందుల్లో చేరి నీలంగా, పచ్చగా ఉండిపోయేది. సున్నిపిండి పెట్టి రుద్దినా పోయేది కాదు. బళ్ళో పంతులమ్మ నా గోళ్ళు చూసి, శుభ్రత గురించి పాఠం చెప్పి, బయట నిలబెట్టింది. ఆవిడ చేతిలో ఉన్నది మేం అంటించిన వాచకమే.

ఆ వాచకంలో నీతికథలుండేవి. వాటిని నేను పుస్తకంగా చదవలేదు, ఫారంగా చదివాను. పదహారు పేజీల ఫారంలో ఒకటో పేజీ పక్కన పదహారోది ఉంటుంది, సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. మడత పెట్టేలోపు కంట పడినంతే చదవడం. నక్క ఏం చేసిందో తెలియకముందే "కావున మోసము చేయరాదు" అన్నది కనపడేది. నక్క సంగతి ఇంకెక్కడో తలకిందులుగా ఉండేది. రాత్రి పడుకుని ఆ ముక్కలు కలుపుకునేదాన్ని. నా మొదటి కథలు అలా పుట్టాయి. నీ నీలం పిల్లకీ అంతే కదా బాబూ! రోజుకి కొన్ని వందల సార్లు ఒకే బొమ్మలో ఒకే మిడత కోటుకి నీలం వేసిన పిల్లకి ఆ పద్యం ఎన్ని ముక్కలుగా తెలిసుంటుంది? చదవడం వచ్చా, రాదా? వస్తే బొమ్మ కింద చెక్కిన అక్షరాల మీదికి రంగు పోకుండా ఆపుకున్నప్పుడు ఏం చదువుకుంది? రాకపోతే ఆ నల్ల గీతలు దాని కంటికి ఏమిటి? ఇదంతా వదిలేసి నువ్వు 62వ పేజీ నుంచి 130వ పేజీ దాకా సారా ట్రిమ్మర్‌ని తిడుతూ కూర్చున్నావు.

ట్రిమ్మర్ సంగతి చెప్తాను. నీకు ఆవిడ మీద కోపం. జానపద కథల్ని చంపిందనీ, సిండరెల్లాను నిషేధించిందనీ నీ కోపం. 1741లో పుట్టి, పన్నెండు మంది పిల్లల్ని కని, బ్రెంట్‌ఫర్డ్‌లో ఆదివారపు బడి పెట్టి, కూలీల పిల్లలకి చదువు చెప్పించిన మనిషిని నువ్వు నల్ల గౌనులో రాక్షసిలా నిలబెట్టావు. ఆవిడ "ది గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్" పత్రిక 1802లో మొదలై 1806లో ఆగిపోయింది. నీ నవలలో 1808లో కూడా ఆవిడ ఆ పత్రిక ప్రూఫులు దిద్దుతూ ఉంటుంది. సిండరెల్లా కథ అసూయనీ, సవతి తల్లి మీద ద్వేషాన్నీ, సోకుల మీద మోజునీ నేర్పుతుందన్న మాటలు ఆవిడ నోట పెట్టావు. ఆ మాటలు ఆ పత్రికకి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరంలోవి. ట్రిమ్మర్ వాటిని వేసింది, ఒప్పుకుంది, నిజమే. కానీ అదే పత్రిక మొదటి సంపుటంలో తన చిన్నతనంలో మదర్ గూస్ జానపద కథలు ఎంత ఇష్టంగా విన్నదో కూడా రాసుకుంది. ఇష్టంగా విన్న కథలకే తర్వాత భయపడిన మనిషి ఆవిడ. ఫ్రాన్సులో రాజు తల తెగిన పదేళ్ళకి, పిల్లల పుస్తకాల్లోంచి ఇంకేం లోపలికి వస్తుందోనని వణికిన మనిషి. ఇష్టమూ భయమూ ఒకే గుండెలో ఉంటే అది పాత్ర. నువ్వు ఇష్టాన్ని తీసేసి భయం ఒక్కటే ఉంచావు. అందుకే అట్టముక్కలా నిలబడిపోయింది.

ఇంకొకటి. పిల్లల పుస్తకాలు సమీక్షించడానికి విలువైనవని పత్రిక పెట్టి, వందల పుస్తకాలు ఓపిగ్గా చదివి, ఒక్కొక్కదాని మీద రాసిన మొదటి మనిషి ఆవిడ. మన భాషలో ఇవాళ్టికీ పిల్లల పుస్తకానికి అర పేజీ సమీక్ష రాదు. నా పద్నాలుగు పుస్తకాలకూ కలిపి వచ్చినవి మూడు. వాటిలో ఒకటి అట్ట మీద బొమ్మ గురించి. ట్రిమ్మర్ నన్ను తిట్టినా సరే, చదివి తిట్టేది. ఆ మర్యాద ఆవిడకి ఇవ్వు.

నీ కోపానికి మూలం నాకు తెలుసు. వ్యాసాలు రాసే చార్లెస్ లాంబ్ 1802 అక్టోబరులో కవి కోల్‌రిడ్జ్‌కి రాసిన ఉత్తరం. బార్బాల్డ్ అమ్మగారి చెత్త వచ్చి పాత కథలన్నిటినీ తరిమేసిందని, అక్క మేరీ "గుడీ టూ-షూస్" అడిగితే న్యూబెరీ కొట్లో మనిషి ఏదో మూల అలమర నుంచి తీసివ్వడానికే బద్ధకించాడని, బార్బాల్డ్ పుస్తకాలూ ట్రిమ్మర్ పుస్తకాలూ మాత్రం గుట్టలుగా పడున్నాయని రాశాడు. అందమైన ఉత్తరం. ఆ ఉత్తరాన్ని నువ్వు తీర్పుగా తీసుకున్నావు. అది ఒక పాఠకుడి ఫిర్యాదు. పైగా అతను బెంగపెట్టుకున్న "గుడీ టూ-షూస్" 1765లో వచ్చిన నీతికథే. బుద్ధిగా చదువుకున్న అనాథపిల్ల పైకి వచ్చిన కథ. లాంబ్‌కి అది చిన్నప్పటి పుస్తకం కాబట్టి అందులో నీతి కనపడలేదు. చిన్నప్పుడు మనం తిన్న ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనరు.

ఆ బార్బాల్డ్ ఏం చేసిందో చూడు. తమ్ముడి కొడుకు చార్లెస్‌ని పెంచుకుంటూ, రెండు మూడేళ్ళ పిల్లవాడు చదువుకునే పుస్తకం ఎక్కడా లేదని చూసి, 1778లో తనే రాసింది. మంచి కాగితం కావాలి, అక్షరం పెద్దదిగా, స్పష్టంగా ఉండాలి, వాక్యాల చుట్టూ ఖాళీ ఎక్కువ ఉండాలి అని ముందుమాటలోనే చెప్పింది. అప్పటివరకూ పిల్లలకి చిన్న పుస్తకమంటే చిన్న అక్షరాలే. పసివాడి కన్ను అక్షరం మీద నిలవాలంటే చుట్టూ తెల్ల కాగితం ఉండాలని తెలిసిన ఆ మనిషిని కవిత్వం తెలియనిదని ఎలా అంటాం? తెల్ల కాగితానికి డబ్బవుతుంది. ప్రచురణకర్తతో ఆ తెలుపు కోసం ఎవరో ఒకరు వాదించాలి. నా మూడో పుస్తకానికి నేను వాదించి ఓడిపోయాను. నాలుగు ఫారాల పుస్తకాన్ని మూడు ఫారాల్లో ఇరికించారు. అక్షరాల సైజు తగ్గించారు, మార్జిన్లు కోశారు. రెండో తరగతి పిల్లవాడు ఆ పేజీ తెరిస్తే చీమల బారు కనిపించింది. అచ్చయ్యాక నేను ఆ పుస్తకాన్ని ఎవరికీ బహుమతిగా ఇవ్వలేదు.

ఇక ఆ లాంబ్‌లిద్దరి సంగతి. నాలుగేళ్ళు తిరిగేసరికి వాళ్ళూ పిల్లల పుస్తకాలు రాసి బతకాల్సి వచ్చింది. విలియం గాడ్విన్ అనే రాజకీయ రచయితా, అతని భార్యా 1805లో హాన్వే స్ట్రీటులో పిల్లల పుస్తకాల కొట్టు పెట్టారు. గాడ్విన్ పేరు చూస్తే తల్లిదండ్రులు పుస్తకం ముట్టుకోరు, రాజద్రోహి అన్నంత చెడ్డపేరు మరి. అందుకని ఎడ్వర్డ్ బాల్డ్విన్ అనే దొంగపేరుతో రాసేవాడు. అతని భార్య మేరీ జేన్ కొట్టు నడిపేది, రాసేది, అనువాదాలు చేసేది. ఆవిడ నీ నవలలో ఒక్కచోట కూడా లేదు. షేక్‌స్పియర్ నాటకాల్ని కథలుగా చెప్పమని లాంబ్‌లకి అప్పగించింది వీళ్ళే. అరవై గినీలు (గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు) వస్తాయని చార్లెస్ ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఇరవై కథల్లో పద్నాలుగు మేరీవి, ఆరు విషాదాంతాలు చార్లెస్‌వి. 1807లో పుస్తకం వచ్చినప్పుడు పుస్తకం పేరున్న పేజీలో ఒక్క చార్లెస్ పేరే ఉంది.

మేరీ 1806లో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరం నువ్వు చదివావో లేదో. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసేవాళ్ళట. తను ముక్కుపొడి పీలుస్తూ, తమ్ముడు మూలుగుతూ, ఇది నా వల్ల కాదు అంటూ. పూర్తయ్యేదాకా అలాగే అంటాడు, పూర్తయ్యాక చూస్తే ఏదో వచ్చిందంటాడు అని రాసింది. ఇక్కడ ఒక బల్ల. అక్కడ రంగుల పిల్లల బల్ల. ఒకే ఊళ్ళో, ఒకే ఏడాది, ఒకే రకం సరుకు కోసం. ఈ రెండు బల్లల మధ్య నడిస్తే చాలు నీకు నవల దొరికేది. విందులూ, వాదాలూ అక్కర్లేదు.

నీతివాదులకీ ఊహావాదులకీ యుద్ధం జరిగిందని మూడు అధ్యాయాలు రాశావు. వాదాలు జరిగాయి, కాదనను. కానీ హ్యారిస్ కొట్లో బల్ల మీద చూస్తే యుద్ధం లేదు. 1805లో "ఓల్డ్ మదర్ హబ్బర్డ్" అమ్మింది అతనే. కుక్కకి ఎముక తేవడానికి వెళ్ళిన ముసలమ్మ కథ, నీతి ఏమీ లేదు, విరగబడి అమ్ముడుపోయింది. పక్కనే నీతి పుస్తకాలు అమ్మింది కూడా అతనే. కొనేది తల్లిదండ్రులు, చదివేది పిల్లలు. ఇద్దరికీ నచ్చాలి. 1807లో టబార్ట్ అనే ఆయన న్యూ బాండ్ స్ట్రీటులో జాక్ చిక్కుడుతీగ కథ వేశాడు. అందులో కొత్తగా ఒక దేవకన్య వచ్చి, ఆ రాక్షసుడు మీ నాన్నని చంపి సొత్తు దోచుకున్నాడు, కాబట్టి నువ్వు తీసుకునేది నీదే అని జాక్‌కి చెప్తుంది. లేకపోతే పిల్లవాడు దొంగతనం చేశాడని తల్లిదండ్రులు కొనరు. చూశావా, ఊహ కూడా నీతి చీటీ పట్టుకుని కొట్లోకి రావాల్సి వచ్చింది.

ఆ దేవకన్యని నేను ఎరుగుదును. 1979లో మద్రాసులో ఉన్న ఒక పిల్లల పత్రికకి కథ పంపాను. చెరువులో తాబేలుని రాయి పెట్టి కొట్టిన పిల్లవాడు, ఆ రాత్రి నిద్రపట్టక లేచి చెరువు గట్టుకి వెళ్తాడు. తాబేలు కనిపించదు. నీళ్ళ మీద చంద్రుడు ఉంటాడు. అక్కడ ఆపాను. అచ్చయి వచ్చాక చూస్తే తాబేలు పైకి వచ్చి "నిన్ను క్షమించాను" అంది. కింద లావు అక్షరాల్లో "నీతి: మూగజీవాలను హింసించరాదు." నేను రాత్రి రైలెక్కి వెళ్ళాను. సంపాదకుడు సాయంత్రం నాలుగింటి దాకా బల్ల మీద కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, "అమ్మా, అడుగున నీతి లేకపోతే తండ్రి చందా కట్టడు" అన్నాడు. ఆ కథ ఇప్పటికీ ఆ తాబేలు మాటతోనే సంకలనాల్లో వస్తోంది. ఎన్నిసార్లు రాసినా మార్చలేదు. నాకు ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా కోరుకోను. అయితే ఆయన చెప్పిన దాంట్లో ఒక నిజం ఉంది. కొనేవాడు వేరు, చదివేవాడు వేరు. పిల్లల పుస్తకాల చరిత్ర అంతా ఆ సందులోనే నడిచింది.

ముప్పై అయిదేళ్ళు పోయాక హైదరాబాదులో ఒక వర్క్‌షాపుకి పిలిచారు. అక్కడ అంతా ఉల్టా. కథలో నీతి వాసన ఉండకూడదన్నారు. పిల్లలు స్వేచ్ఛాజీవులన్నారు. అన్నం పారేసిన పిల్ల, ఆ పూట పనిమనిషి కూతురితో ఆడుకోవడం మీద నేను రాసిన కథని "ఉపదేశం" అని పక్కన పెట్టేశారు. అందులో ఉపదేశం ఒక్క ముక్క లేదు. అన్నం ఉంది, ఆకలి ఉంది. ఆకలి కనపడితే ఉపదేశం అనుకునే కాలం అది. నీ నవల ఆ కాలానికి పుట్టిన బిడ్డ. నీతి అన్న మాట వినగానే నీకు ఒళ్ళు మండుతుంది. ఎవరు ఎందుకు రాశారో చూడకుండానే మండుతుంది. అందుకే ఆ ఆడవాళ్ళంతా నీకు ఒకే ముఖంతో కనిపించారు.

అందరినీ వెనకేసుకొస్తున్నానని అనుకోకు. షేర్‌వుడ్ అమ్మగారి "ఫెయిర్‌చైల్డ్ ఫ్యామిలీ", 1818లో వచ్చింది. ఆవిడ భర్తతో మన దేశంలో పదేళ్ళు కంటోన్మెంట్లలో గడిపింది. తన పిల్లల్ని ఇక్కడే పోగొట్టుకుంది. 1814లో అచ్చయిన ఆవిడ "లిటిల్ హెన్రీ అండ్ హిజ్ బేరర్" కథలో మన నౌకరు బూసీ ఉంటాడు. చచ్చిపోతున్న తెల్ల పిల్లవాడు అతన్ని తన మతంలోకి పిలుస్తాడు. ఆ పుస్తకం నాకు నచ్చదు. బూసీ ఏం తిన్నాడో, నెలకి ఎంత ఇచ్చారో ఆవిడ రాయలేదు. కానీ "ఫెయిర్‌చైల్డ్"లో ఒక చోటు మర్చిపోలేను. బొమ్మ కోసం కొట్టుకున్న పిల్లల్ని తండ్రి అడవి దారిన తీసుకెళ్ళి, తోడబుట్టినవాణ్ణి చంపినవాడి శవం గొలుసుల్లో వేలాడుతున్న ఉరికొయ్య కింద నిలబెడతాడు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం కొని చదివాను. అంత క్రూరంగా పిల్లలకి బుద్ధి చెప్పడం తప్పు. తర్వాతి కాలపు ప్రతుల్లో ఆ భాగం తీసేశారు కూడా. కానీ తండ్రి ఉపన్యాసం నాకు ఒక్క ముక్క గుర్తులేదు. గాలికి కదిలే గొలుసు గుర్తుంది. నీతి చెప్పబోయి వస్తువుని చూపించింది ఆవిడ. వస్తువే మిగిలింది.

వస్తువు తెలిసినవాళ్ళు ఎప్పుడూ గెలిచారు. హన్నా మోర్ 1795లో బీదవాళ్ళ కోసం చవక పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ముందు ఏం చేసిందనుకున్నావు? గంపల్లో పెట్టుకుని ఊళ్ళలో తిరిగేవాళ్ళు అమ్మే దొంగల కథలూ, దయ్యాల పాటలూ తెప్పించుకుని చూసింది. అదే సైజు, అదే మొరటు కొయ్య అచ్చు బొమ్మ, అదే ధర. అర పెన్నీ, పెన్నీ, పెన్నీన్నర. గంపవాళ్ళకి తగ్గింపు. ఏడాదిలో 20 లక్షల పైచిలుకు ప్రతులు కదిలాయి. చాలావరకు ధనవంతులు కట్టలుగా కొని పంచినవే. ఆవిడ రాజకీయం నాకు సరిపడదు, బీదవాళ్ళు తమ చోట తాము ఉండాలన్న మనిషి. కానీ గంప బరువు తెలిసిన మనిషి. నీకూ తెలియాలి.

ఇంకో ఇద్దరు పిల్లల్ని నీ నవలలోకి తీసుకురా. ఆన్, జేన్ టేలర్. తండ్రి ఐజాక్ టేలర్ బొమ్మలు చెక్కేవాడు. ఆడపిల్లలిద్దరూ అతని పనిగదిలో కూర్చుని రాగి పలకలు చెక్కారు. పద్యాలు పని మధ్యలో దొరికిన సందులో రాసుకున్నవి. డార్టన్ అండ్ హార్వీ అనే లండన్ ప్రచురణకర్తలు పిల్లలకి తేలిక పద్యాలు కావాలని అడిగితే పంపారు. 1804లో మొదటి పుస్తకం వచ్చింది. ఆ డార్టన్ కూడా చెక్కే పనివాడే. 1806లో వచ్చిన ఇంకో పుస్తకంలో జేన్ రాసిన నక్షత్రం పద్యం ఉంది. నువ్వు ఎల్‌కేజీలో చేతులు తిప్పుతూ చెప్పిన "ట్వింకిల్ ట్వింకిల్" అదే. మా మనవడూ చెప్పాడు, మా వీధి చివర కాన్వెంటులో ఇవాళ పొద్దున కూడా చెప్పారు, కిటికీలోంచి వినిపించింది. నీతి పుస్తకాలవాళ్ళు ఊహని చంపారన్న నీ మూడు అధ్యాయాల పక్కన ఆ పద్యం పెట్టి చూసుకో. ఉలి పట్టుకున్న వేళ్ళతో రాసిన పద్యం అది.

నువ్వు లండన్‌లో ఉన్నావు. ఉద్యోగం అయ్యాక సాయంత్రం సెయింట్ పాల్స్ చుట్టూ నడుస్తానని రాశావు. నేను ఆ ఊరు చూడలేదు, ఇక చూడను. మనవడు ట్యాబులో తెరిచి ఇచ్చిన పాత ప్రతుల్ని వేళ్ళతో పెద్దవి చేసుకుని చూశాను. ఆ సీతాకోకచిలుకల పుస్తకంలో ఒక బొమ్మలో రంగు గీత దాటి పక్కకి పోయింది. ఎవరో చెయ్యి జారింది. నువ్వు అక్కడి లైబ్రరీకి వెళ్ళి అలాంటి ప్రతులు అయిదారు అడుగు. ఒకే బొమ్మని పక్కపక్కన పెట్టి చూడు. ఒకదాంట్లో కోటు నీలం, ఒకదాంట్లో ఇంకో రంగు ఉండొచ్చు. ఒకచోట ఒత్తుగా, ఒకచోట నీళ్ళగా ఉండొచ్చు. పొద్దున వేసినదీ, దీపం పెట్టాక వేసినదీ నీకే తెలుస్తాయి. ఇంగ్లీషు వ్యాసాలు చదివింది చాలు.

భాష బాగుంది నీది. ఇంగ్లీషు మనుషుల చేత తెలుగు మాట్లాడించడంలో ఎక్కడా తడబడలేదు.

ముందుమాట రాయమన్నావు. ఇప్పుడు రాయను. పోటీకి పంపనా అని అడిగావు. గడువు కోసం నవల ముగించకు, అంతే చెప్పగలను. 62 నుంచి 130 దాకా తీసి పక్కన పెట్టు. చింపకు, అందులో మేరీ లాంబ్ ముక్కుపొడి డబ్బా ఉన్న పేరా ఒకటి పనికొస్తుంది. ఎడమ పక్క పెన్సిలుతో గీత పెట్టాను. మొత్తం కట్టని మనవడి చేత పంపిస్తున్నాను, 61వ పేజీ తప్ప. అది నా దగ్గర ఉంచుకున్నాను.

కార్తీకం వెళ్ళాక కుడికంటికి శుక్లాల ఆపరేషన్ పెట్టారు. ఆ లోపల రంగుల బల్ల అధ్యాయం ఒక్కటి, పొద్దున పిల్లలు వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి చేతులు కడుక్కుని వెళ్ళేదాకా, తిరగరాసి పంపు. పెద్ద అక్షరాల్లో తీయించు. చుట్టూ ఖాళీ వదులు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటి మనిషి